సలహా మనది, రిజిస్టరు వాళ్లది: బెజవాడ నుంచి నాగార్జున నగర్ దాకా ప్రాతినిధ్యం కథ

రిజర్వేషన్ల గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా శాతాల గురించే మాట్లాడతాం. పదిహేను శాతం, ఆరు శాతం అన్న అంకెలు హాస్టల్లో ఉండే పిల్లాడికి కూడా నోటికొచ్చు. ఆ శాతం ఒక లెక్చరర్ పోస్టుగానో, ఒక పరిశోధన సీటుగానో మారేది ఏ గదిలో, ఏ పుస్తకంలో, ఎవరి సంతకంతో అన్నది మాత్రం ఎం.ఏ. చదివినవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. పరిశోధనలో చేరేదాకా నాకూ తెలియదు.

నేను దివిసీమలో ఒక మాలపల్లెలో పుట్టాను. మా తాత పాలేరు. అమ్మానాన్నలు కూలీలు. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఒకసారి నా ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి ఆగిపోతే "ఎస్సీ, ఎస్టీ సెల్‌కి వెళ్లు, వాళ్లు చూస్తారు" అని సీనియర్లు చెప్పారు. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. గదికి బోర్డు ఉంది. లోపల ఒక గుమాస్తా, రెండు బీరువాలు. ఆఫీసరు గారికి ఇది అదనపు బాధ్యత, ఆయన అసలు కుర్చీ వేరే భవనంలో ఉంది. మూడోసారి వెళ్లినప్పుడు, వచ్చినవాణ్ణి ఎలాగూ వచ్చాను కదా అని, రోస్టర్ రిజిస్టరు ఒకసారి చూడొచ్చా అని అడిగాను.

"అది మా దగ్గరెందుకు ఉంటదయ్యా? ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఉంటది. వాళ్లు ఏడాదికోసారి లెక్క పంపుతారు, మేం దాన్ని పైకి పంపుతాం" అన్నాడు గుమాస్తా.

"ఆ లెక్క సరైందో కాదో ఎవరు చూస్తారండీ?"

"చూడ్డానికి కమిటీ ఉంది."

"కమిటీ ఎప్పుడు కూర్చుంది?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయనా మనవాడే. సలహా చెప్పే కుర్చీ మనకిచ్చి, లెక్క ఉన్న పుస్తకం తమ దగ్గరే ఉంచుకోవడం ఆ గదితో మొదలైన పద్ధతి కాదు. ఈ కృష్ణా డెల్టాలోనే దానికి నూరేళ్ల పైబడ్డ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఇవాళ సెల్ నుంచి మనం ఏం అడగాలో తెలుస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

పేరు పెట్టే హక్కు

1917 నవంబర్‌లో బెజవాడలో మూడు రోజుల సభ జరిగింది. గుడివాడలో సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు వంటి సంస్కర్తలు దానికి పూనుకున్నారు. సభకు మొదట అనుకున్న పేరు ఆంధ్ర దేశ పంచమ మహాజన సభ. అధ్యక్షుడిగా హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. అప్పటికే ఆయనకు జగన్మిత్ర మండలి, మాన్య సంఘం నడిపిన అనుభవం ఉంది. పిలిచింది మిమ్మల్నే, కుర్చీ మీదే అని సంస్కర్తలు అంటే ఆయన ఆ మర్యాదతో తృప్తి పడలేదు. పంచములు అన్న పేరే తప్పు, ఈ నేలకు మొదటివాళ్లం మేమే కాబట్టి మేం ఆది ఆంధ్రులం అన్నారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. ఆ మూడు రోజులూ కొండ మీద దుర్గగుడి తలుపులు మూసేశారని చరిత్రకారులు రాశారు. మాల మాదిగలు అంతమంది ఒకచోట చేరితే గుడికొస్తారేమోనన్న భయమన్నమాట.

ఈ సంఘటనను మనం ఎక్కువగా అస్తిత్వం కోణంలోనే చదువుతూ వచ్చాం. అది సరైనదే. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. సభ పెట్టింది వేరేవాళ్లు, పేరు పెట్టింది వేరేవాళ్లు. మనవాడికి అధ్యక్ష స్థానం ఇచ్చారు. ఆ స్థానాన్ని ఆయన అలంకారంగా తీసుకోకుండా, పేరు దిద్దే అధికారంగా వాడుకున్నాడు. బడులు, బావులు, స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం కావాలన్న కోర్కెలు ఆ వేదిక మీద ఆది ఆంధ్రుల నోటితోనే వచ్చాయి. కమిటీలో కూర్చున్న మనవాడు ఏం చేయాలి అని ఎవరైనా అడిగితే నేను మొదట చూపించేది 1917 నాటి బెజవాడనే.

ఐదేళ్లకు ఫలితం వచ్చింది. మద్రాసు శాసన మండలిలో ఎం.సి. రాజా పెట్టిన తీర్మానం తరవాత 1922లో ప్రభుత్వం పంచమ, పరయ వంటి మాటలు మాని ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. సర్కారు కాగితం మీద మన పేరు మనం పెట్టుకున్నట్టే పడింది.

నామినేషన్ కుర్చీ

అయితే ఎం.సి. రాజా ఆ మండలిలోకి ఎలా వచ్చారో కూడా చూడాలి. 1919 చట్టం కింద ఏర్పడ్డ మద్రాసు శాసన మండలిలో అణగారిన వర్గాలకు దక్కినవి ఐదు నామినేటెడ్ స్థానాలు. ఓటు వేసి పంపినవాళ్లు కారు, గవర్నరు నియమించినవాళ్లు. మాట్లాడొచ్చు, తీర్మానం పెట్టొచ్చు. వచ్చేసారి ఉంటామో లేదో మాత్రం నియమించినవాడి దయ.

నామినేషన్ మీద బతికే ప్రాతినిధ్యానికి ఒక లక్షణం ఉంటుంది. అడిగేవాడు ఎవర్ని అడగాలో, వాళ్ల చేతిలోనే అతని కుర్చీ ఉంటుంది. ఈ లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి, విశ్వవిద్యాలయం దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ కనపడుతుంది. అంబేడ్కర్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో ప్రత్యేక నియోజకవర్గాల కోసం అంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే. 1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయి రిజర్వుడు స్థానాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రానికి 30 దక్కాయి. ఆ ఒప్పందం మీద మనకు ఎన్ని విమర్శలున్నా, నామినేషన్ దయ నుంచి లెక్క గట్టిన వాటా వైపు జరిగిన మార్పు అది.

సలహా చెప్పే స్థానాన్ని ఎలా వాడాలో అంబేడ్కరే చూపించారు. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన వెంటనే షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద ఒక మెమొరాండం సమర్పించారు. అందులో బతిమాలుకోవడం ఉండదు, లెక్కలుంటాయి. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికీ, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికీ ఏటా మూడేసి లక్షలు ఇస్తున్నప్పుడు షెడ్యూల్డ్ కులాల పై చదువుకు ఎందుకివ్వరు అని నిలదీశారు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో 8.33 శాతం వాటా వచ్చింది, 1946లో అది 12.5 అయ్యింది. 1944లో మొదలైన స్కాలర్‌షిప్ పథకమే ఇప్పటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు మూలం. డెల్టాలో హాస్టల్లో ఉండి చదివిన ప్రతి దళిత విద్యార్థీ ఆ కాగితానికి రుణపడి ఉన్నాడు. ఆయన లోపల కూర్చుని అంకెలు తీయగలిగారు కాబట్టే ఆ కాగితం పనిచేసింది.

బెజవాడలో పుట్టిన విశ్వవిద్యాలయం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది విశాఖలో కాదు, బెజవాడలో. 1930లో వాల్తేరుకు తరలిపోయేదాకా దాని కేంద్ర కార్యాలయం ఇక్కడే. ఆది ఆంధ్ర సభ జరిగిన తొమ్మిదేళ్లకు, అదే ఊళ్లో, ఆంధ్రుల పేరుతో విశ్వవిద్యాలయం వచ్చింది. ఆంధ్రులంటే ఎవరు అన్న ప్రశ్నకు 1917లో ఆది ఆంధ్రులు ఒక జవాబు చెప్పి ఉన్నారు. విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టాలి, రాజమండ్రిలోనా, బెజవాడలోనా, విశాఖలోనా అని పెద్దలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అందులో ఎవరు చదవాలి అన్న వాదన ఆ స్థాయిలో నడవలేదు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి పై కులాల పిల్లల్ని ఉద్దేశించి మొదలైంది. డెల్టాలో ఇంగ్లీషు చదువు పునాది అలా పడింది.

ఉద్యోగాల విషయంలో మాత్రం మద్రాసు ప్రభుత్వం ఒక లెక్క రాసింది. 1927 నాటి కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 12 నియామకాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 2, అణగారిన వర్గాలకు 1. 1947లో దాన్ని 14కి మార్చినప్పుడు హరిజనుల పేరుతో 2 వచ్చాయి. ఈ పన్నెండు, పద్నాలుగు మలుపుల పట్టికే ఇవాళ్టి రోస్టర్‌కు పూర్వరూపం. ఎవరి తర్వాత ఎవరు అన్నది ముందే రాసి పెట్టడం వల్ల నియమించే అధికారి ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది. దాని బలం అక్కడే ఉంది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో కాలేజీ సీట్లకు వాడుతున్న కమ్యూనల్ జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణం వచ్చింది. అంటే మద్రాసు రాష్ట్రంలో, మన డెల్టా కూడా భాగమైన చోట రాజుకున్న వివాదం దేశం మొత్తానికీ చదువులో రిజర్వేషన్ల దారి వేసింది.

కాలువ నీళ్లు, కాలేజీలు, కారంచేడు

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువలు వచ్చాక మెట్ట మాగాణి అయ్యింది. మాగాణి మిగులైంది. ఆ మిగులు మిల్లులు, సినిమా హాళ్లు, ఆ తర్వాత కాలేజీలు అయ్యింది. 1977లో విజయవాడలో సిద్ధార్థ అకాడమీ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ పెట్టింది. ఆ తర్వాత జరిగినది అందరికీ తెలుసు. బెజవాడ అంటే రాష్ట్రం మొత్తానికీ కార్పొరేట్ చదువుల ఊరైంది. పొలంలో నాట్లేసినవాళ్లకు ఆ మిగులులో వాటా రాలేదు. వాళ్ల పిల్లలకు మిగిలింది సాంఘిక సంక్షేమ హాస్టలూ, ప్రభుత్వ కాలేజీ, పైన విశ్వవిద్యాలయం.

ఆ విశ్వవిద్యాలయం డెల్టాకు మళ్లీ 1976లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరులో పెట్టిన పీజీ సెంటరు నాగార్జున విశ్వవిద్యాలయం అయ్యింది. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల దళిత పిల్లలకు విశాఖ వెళ్లకుండా ఎం.ఏ. చదివే వీలు దొరికింది. 2008లో బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చేదాకా మా జిల్లాకూ అదే దిక్కు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని ఒక దళిత స్త్రీ అడ్డు చెప్పడం దగ్గర మొదలైంది ఆ దాడి. సెప్టెంబర్ 1న తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది. దాని నాయకత్వం చూడండి. కత్తి పద్మారావు పొన్నూరులో సంస్కృత లెక్చరరు. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని వచ్చిన లాయరు. చదువు, రిజర్వేషను, హాస్టలు తయారుచేసిన తరం అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. అక్కడ గొడవ సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు తగలడంతో మొదలైంది. ఆధిపత్య కులాలు దేన్ని సహించలేకపోయాయో ఇక్కడే తెలుస్తుంది. పొలంలో వంగినవాడి కొడుకు హాల్లో పక్క కుర్చీలో కూర్చోవడం. విశ్వవిద్యాలయంలో స్టాఫ్ రూములో పక్క కుర్చీ కూడా అలాంటిదే. అక్కడ కత్తులు రావు, "తగిన అభ్యర్థి దొరకలేదు" అన్న వాక్యం వస్తుంది.

సెల్ ఎందుకొచ్చింది

విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ, ఎస్టీ సెల్స్ పెట్టడానికి యూజీసీ 1983 నుంచి డబ్బు సహాయం ఇస్తోంది. సెల్ పనులు కాగితం మీద చక్కగానే ఉన్నాయి. రిజర్వేషన్ ఉత్తర్వులు అన్ని విభాగాలకూ పంపాలి. ప్రవేశాలు, నియామకాలు, హాస్టళ్లు, క్వార్టర్ల లెక్కలు సేకరించాలి. ఫిర్యాదులు తీసుకోవాలి. అమలు ఎలా ఉందో సమీక్షించడానికి పైన ఒక స్థాయీ సంఘం ఉండాలి. 2006లో యూజీసీ ఇంకా గట్టి మార్గదర్శకాలు ఇచ్చింది. 2012 నిబంధనల్లో సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి అన్న ఏర్పాట్లు వచ్చాయి.

మరి చిక్కు ఎక్కడ? సెల్ ఎవర్ని తనిఖీ చేయాలో ఆ అధికారుల కిందే పనిచేస్తుంది. సెల్ అధికారిని నియమించేది వైస్ ఛాన్సలర్. సంఘంలో సభ్యుల్ని పెట్టేదీ, తీసేదీ పైవాళ్లే. ఎం.సి. రాజా కాలపు నామినేషన్ కుర్చీ ఇక్కడ మళ్లీ కనపడుతుంది. ప్రమోషన్ ఫైలు పైన పెండింగ్‌లో ఉన్న రీడరు, కమిటీ సభ్యుడిగా వైస్ ఛాన్సలర్‌ను గట్టిగా ప్రశ్నిస్తాడా? ప్రశ్నించినవాళ్లు ఉన్నారు. వాళ్లను తలుచుకోవాలి. అయితే ఒక వ్యవస్థ మనుషుల ధైర్యం మీదే ఆధారపడితే అది వ్యవస్థ కాదు.

దీన్ని జాతీయ కమిషన్‌తో పోల్చి చూడండి. 1950లో 338వ అధికరణం కింద ఒక ప్రత్యేకాధికారి ఉండేవాడు, ఏటా నివేదిక రాసేవాడు. నివేదికలు మంచివే, చదివినవాళ్లు తక్కువ. 1990లో 65వ సవరణతో దాని స్థానంలో రాజ్యాంగబద్ధమైన కమిషన్ వచ్చింది. విచారణ చేసేటప్పుడు దానికి సివిల్ కోర్టు అధికారాలుంటాయి. మనుషుల్ని పిలిపించవచ్చు, ఏ ఆఫీసు నుంచైనా రికార్డు తెప్పించవచ్చు. సలహా నుంచి రికార్డు దాకా వెళ్లడానికి దేశ స్థాయిలో నలభై ఏళ్లు పట్టింది. విశ్వవిద్యాలయం స్థాయిలో మనం ఇంకా 1950లోనే ఉన్నాం.

రోస్టర్ అనే పుస్తకం

రికార్డు, రికార్డు అంటున్నాను, అందులో ఏముంటుంది? ఆంధ్రప్రదేశ్‌లో దశాబ్దాల పాటు అమలైన వంద పాయింట్ల రోస్టర్‌లో ఎస్సీలకు 15 పాయింట్లున్నాయి. 2, 7, 16, 22, 27, ఇలా. ఎస్టీలవి 6. మొదటిది 8, తర్వాత 25, 33. ఒక్కో నియామకం ఒక్కో పాయింటు. ఈసారి ఎక్కడ ఆగితే వచ్చేసారి అక్కణ్ణుంచి మొదలుకావాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక విశ్వవిద్యాలయంలో ఇరవై విభాగాలు, ఒక్కో దాంట్లో ఒక్కో ప్రొఫెసర్ పోస్టు ఖాళీ ఉన్నాయనుకోండి. మొత్తం విశ్వవిద్యాలయాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే ఇరవై పాయింట్లు నడుస్తాయి. 2, 7, 16 ఎస్సీలకు, 8 ఎస్టీకి. అంటే నలుగురు మనవాళ్లు ప్రొఫెసర్లవుతారు. విభాగాన్నే యూనిట్‌గా తీసుకుంటే? ప్రతి విభాగంలోనూ ఒకటో పాయింటు మాత్రమే నడుస్తుంది. ఒకటో పాయింటు ఓపెన్. ఇరవైకి ఇరవై ఓపెన్. శాతం మారలేదు, చట్టం మారలేదు, ఒక్క జీవో కూడా రద్దు కాలేదు. నలుగురు మాత్రం మాయమయ్యారు.

ఇది నా ఊహ కాదని 2018 చూపించింది. అలహాబాద్ హైకోర్టు 2017 తీర్పు ఆధారంగా యూజీసీ 2018 మార్చి 5న విభాగమే యూనిట్ అని ఉత్తర్వు ఇచ్చింది. పదమూడు పాయింట్ల రోస్టర్‌గా పేరుపడ్డది అదే. ఆ పట్టికలో ఎస్సీ వంతు ఏడో పోస్టు దగ్గర, ఎస్టీ వంతు పద్నాలుగో పోస్టు దగ్గర వస్తుంది. పద్నాలుగు పోస్టులున్న విభాగాలు దేశంలో ఎన్ని? 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. దేశమంతా అధ్యాపకులు, విద్యార్థులు రోడ్డెక్కారు. మార్చిలో ఆర్డినెన్సు, జులైలో చట్టం వచ్చి కేంద్ర విద్యాసంస్థల్లో సంస్థే యూనిట్ అయ్యింది. ఆ చట్టం కేంద్ర సంస్థలకే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎక్కడికక్కడ ప్రశ్న వేసుకోవాల్సిందే.

నేను చదివిన చోట సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. మొదట ఒక పేజీ సారాంశం ఇచ్చారు. అప్పీలుకు వెళ్లాక రిజిస్టరులో కొన్ని పేజీల నకళ్లు వచ్చాయి. ఒక విభాగంలో మూడుసార్లు నోటిఫికేషన్ పడింది, మూడుసార్లూ లెక్క ఒకటో పాయింటు నుంచే మొదలైంది. అంటే ప్రతిసారీ కొత్త పుస్తకం. సెల్ పంపిన వార్షిక నివేదికలో మాత్రం ఆ మూడేళ్లూ "నిబంధనల ప్రకారం అమలు" అని ఉంది. సెల్ అబద్ధం చెప్పలేదు. దానికి పంపిన కాగితంలో ఉన్నదే అది రాసింది.

మనలో మన లెక్క

ఇక్కడ మన గురించి కూడా నిజం మాట్లాడుకోవాలి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. పదిహేను శాతంలో మా వంతు ఎంత వచ్చింది, లెక్క చూపించండి అన్నది వాళ్ల ప్రశ్న. అది రిజిస్టరు తెరవమన్న కోర్కెనే. మేం అగ్రవర్ణాల్ని ఏం అడుగుతున్నామో, వాళ్లు మమ్మల్ని అదే అడిగారు. మా పల్లెలో, మా హాస్టళ్లలో ఆ ప్రశ్నకు చిరాకుపడ్డవాళ్లను నేను చూశాను. కొన్నాళ్లు నేనూ పడ్డాను. రామచంద్రరాజు కమిషన్ తరవాత 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేయవచ్చని చెప్పింది. 2025లో ఆంధ్రప్రదేశ్ మూడు గ్రూపులుగా అమల్లోకి తెచ్చింది. సెల్‌లోనూ, పైన కమిటీలోనూ ఎస్సీల తరఫున ఎప్పుడూ ఒకే కులం మగవాళ్లే కూర్చుంటే అది నామినేషన్ కుర్చీకి ఇంకో రూపమే. రెల్లి పిల్ల, ఎరుకల పిల్లవాడు, మాదిగ పరిశోధకురాలు ఆ గదిలోకి రావడానికి జంకితే ఆ గది సగమే పనిచేస్తున్నట్టు.

డైవర్సిటీ అన్న మాట

ఈ మధ్య మన క్యాంపస్‌లలో కూడా డైవర్సిటీ అన్న మాట వినపడుతోంది. అమెరికాలో అఫర్మేటివ్ యాక్షన్ అన్న మాట 1961లో కెనెడీ ఉత్తర్వులో వచ్చింది. 1978 బక్కీ కేసులో కోటాను కొట్టేస్తూ, తరగతిలో రకరకాల విద్యార్థులుంటే చదువుకు మేలు కాబట్టి జాతిని ఒక అంశంగా చూడొచ్చు అన్న వాదన నిలిచింది. నల్లవాళ్లకు జరిగిన అన్యాయానికి జవాబుగా మొదలైనది, అందరికీ లాభం అన్న వాదన మీదికి మారింది. 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో ప్రవేశాలకు ఆ ఆధారం కూడా తీసేసింది. మనం నేర్చుకోవాల్సింది ఏమిటంటే, రిజర్వేషన్ క్యాంపస్ అందం కోసం వచ్చింది కాదు, ప్రాతినిధ్యం కోసం వచ్చింది. వాటా అన్న మాట వదిలి వైవిధ్యం అన్న మాట పట్టుకుంటే లెక్క అడిగే హక్కు కూడా పోతుంది. వాటాకు లెక్క ఉంటుంది. వైవిధ్యానికి ఒక ఫోటో చాలు.

కమిటీలు లేక మనవాళ్లు నష్టపోలేదు. గుంటూరు నుంచి వెళ్లి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. ఆ తరవాత కేంద్రం వేసిన ఏకసభ్య కమిషన్, విశ్వవిద్యాలయం ఏం చేసింది అన్నదాంతో ఆగకుండా, అతని తల్లి కులం ఏదన్న విచారణలోకి దిగింది. 2019లో రోహిత్ తల్లి, పాయల్ తడ్వి తల్లి కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లి 2012 నిబంధనల్ని అమలు చేయించమని అడగాల్సి వచ్చింది. నిబంధనలున్న దేశంలో వాటిని అమలు చేయమని బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు కోర్టు మెట్లెక్కారు.

ఏం అడగాలి

సెల్ వద్దు అని నేను అనడం లేదు. నా ఫెలోషిప్ చివరకు కదిలింది ఆ గుమాస్తా రెండుసార్లు ఫైలు పట్టుకుని తిరగడం వల్లే. ఆ గదికి బలం ఇవ్వాలని అంటున్నాను. అందుకు నాలుగు పనులు కావాలి. ఒకటి, రోస్టర్ రిజిస్టరు నకలు సెల్‌లో ఉండాలి, ప్రతి నోటిఫికేషన్‌కు ముందు సెల్ సంతకం లేకుండా ప్రకటన వెళ్లకూడదు. రెండు, యూనిట్ ఏది, పాయింటు ఎక్కడ ఆగింది, బ్యాక్‌లాగ్ ఎంత అన్నది నోటీసు బోర్డు మీద పెట్టాలి. మూడు, స్థాయీ సంఘంలో సగం మందినైనా దళిత, ఆదివాసీ అధ్యాపకులు, పరిశోధకులు, ఉద్యోగులు ఎన్నుకోవాలి, అందులో స్త్రీలూ, అన్ని ఉపకులాలవాళ్లూ ఉండాలి. నాలుగు, "తగిన అభ్యర్థి దొరకలేదు" అని రాసిన ప్రతిచోటా ఎవరెవరు వచ్చారు, ఎందుకు తగలేదు అన్నది సంఘం ముందు రాతపూర్వకంగా పెట్టాలి.

ఇవి పైనుంచి వచ్చేదాకా ఆగక్కర్లేదు. మా తాతకు అక్షరం రాదు. ఏడాదికి ఇన్ని బస్తాలని పాలేరుతనం మాట్లాడుకునేవాడు, పుస్తకం కామందు దగ్గరుండేది. తను తెచ్చుకున్న ప్రతి బస్తాకూ ఇంటి గోడ మీద ఒక బొగ్గు గీత గీసేవాడు. సంవత్సరాఖర్న కామందు పుస్తకం చదివితే, తాత ఇంటికొచ్చి గీతలు లెక్కపెట్టి మళ్లీ వెళ్లేవాడట. ప్రతిసారీ గెలిచాడని చెప్పను. అయితే ఆయన లెక్క ఉందని కామందుకు తెలుసు.

నాగార్జున నగర్‌లో గానీ, బందరులో గానీ, విజయవాడ కాలేజీల్లో గానీ చదువుతున్న మన విద్యార్థి సంఘాలు ప్రతి విభాగానికీ ఒక నోటుబుక్కు పెట్టండి. ఎప్పుడు నోటిఫికేషన్ వచ్చింది, ఎన్ని పోస్టులు, ఏ పాయింటు నుంచి మొదలైంది, ఎవరు చేరారు, ఎన్ని ఖాళీగా ఉంచారు, తేదీ వేసి రాయండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది, పది రూపాయల అర్జీ. పరిశోధకులు వెళ్లిపోతారు, నోటుబుక్కు తర్వాతవాళ్లకు ఇచ్చి వెళ్లాలి. కమిటీ కూర్చున్న రోజున ఆ నోటుబుక్కు బల్ల మీద పెడితే, అప్పుడు వాళ్లు తమ రిజిస్టరు తీయక తప్పదు.